పారాణి రంగు నిమ్మకాయ కేకు

నిమ్మకాయ కేకు చెయ్యడం నాకు బాగా వచ్చు. ఈ మాట చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు. కేకే కాదు, నిమ్మరసం, గుడ్లు, వెన్న, పంచదార కలిపి సన్నని సెగ మీద చిక్కబడేదాకా తిప్పి సీసాల్లో పోసుకునే కర్డ్ కూడా వచ్చు. ఆ కర్డ్ నింపి, పైన తెల్లసొన నురగ పరిచి కాల్చే 'పై' అనే తీపి వంటకం కూడా వచ్చు. విజయనగరంలో మా వీధి పిల్లల పుట్టినరోజులన్నీ నా చేతి మీదుగానే జరుగుతాయి. నా కేకు పసుపుపచ్చగా, మెత్తగా ఉంటుంది. వేలితో నొక్కితే మళ్ళీ పైకి లేస్తుంది. ఎవరైనా మెచ్చుకుంటే నవ్వి ఊరుకుంటాను. నాకు కావలసిన కేకు అది కాదని వాళ్ళకి ఎలా చెప్పను? నాకు కావలసింది అడుగు మాడి, మధ్యలో కుంగిపోయి, కోస్తే లోపల ఎర్రగా ఉండే కేకు. దాన్ని చేసినావిడకి అసలు కేకు చెయ్యడమే రాదు.

ఆవిడ మా మామ్మ. నాన్నని కన్న తల్లి.

అరవైల చివర్లో మేము పాతపట్నంలో ఉండేవాళ్ళం. నాన్న మిషన్ స్కూల్లో మేష్టారు. మా ఇల్లు చర్చి కాంపౌండు గోడకి ఆనుకుని ఉండేది. ఇంట్లో నాన్న, అమ్మ, మామ్మ, నేను. మామ్మది వరి పండించుకునే కుటుంబం. తాత బతికుండగా ఆయనతో పాటు తనూ బాప్తిస్మం తీసుకుంది. "మనిషి తీసుకుంది గానీ, వంటింటికి ఇప్పించలేదు" అని నాన్న వేళాకోళమాడేవాడు. అది నిజమే. మామ్మ పొయ్యి దగ్గర పద్ధతులన్నీ వాళ్ళమ్మ దగ్గర నేర్చుకున్నవే. వాటి జోలికి పాస్టరుగారు వచ్చినా ఊరుకునేది కాదు.

అమ్మ మాత్రం పెళ్ళికి ముందు పాతపట్నం మిషన్ బోర్డింగులోనే ఉండి చదువుకుంది. ఆ పక్క బంగళాలో ఒక తెల్లదొరసానమ్మ ఉండేదట. సెలవురోజుల్లో ఆవిడ వంటింట్లో సాయం చేస్తూ చేస్తూ అమ్మ ఈ నిమ్మకాయ వంటలన్నీ పట్టేసింది. దొరసానమ్మకి ఇనప ఓవెన్ ఉండేది. మా అమ్మకి ఉన్నది మట్టిపొయ్యి, ఒక పెద్ద గుండిగ, మహేంద్రతనయ ఒడ్డునుంచి తెచ్చి జల్లించుకున్న ఇసుక. గుండిగలో ఇసుక పోసి బాగా వేడెక్కనిచ్చి, అందులో కేకు గిన్నె కూర్చోబెట్టి, పైన ఇనప మూకుడు మూసి, మూకుడు నిండా నిప్పులు పోసేది. అంతే మా ఓవెన్.

ఇంట్లో గడియారం లేదు. ఉన్న ఒక్క వాచీ నాన్న చేతికి ఉండి స్కూలుకి పోయేది. అందుకని అమ్మ పాటలతో లెక్క చూసుకునేది. గుడ్లూ పంచదారా గిలకొట్టడానికి ఒక కీర్తన చరణాలన్నీ అయ్యేదాకా. కేకు కాలడానికి పెద్ద కీర్తనలు, ఒకదాని తర్వాత ఒకటి, మధ్యలో ఊపిరి తీసుకోవడానికి తప్ప ఆగకుండా. చివరి చరణం పాడుతూ మూకుడు ఎత్తేది. అప్పుడొచ్చే వాసన గురించి రాయడానికి ఎన్నోసార్లు కూర్చున్నాను, ఎప్పుడూ కుదరలేదు. నిమ్మతొక్కు, వెన్న, వేడి ఇసుక. ఈ మూడూ కలిసిన వాసన నాకు ఇవాళ్టికీ అమ్మ వాసనే.

"దొరసాని రొట్టి" అనేది మామ్మ దాన్ని. తినమంటే, "నాకొద్దు, అందులో ఉప్పేటి, కారమేటి, ఏదీ నేదు" అని ముఖం తిప్పుకునేది. మర్నాడు చూస్తే గిన్నెలో ఒక ముక్క తగ్గి ఉండేది. పిల్లి మీద పెట్టడానికి మా ఇంట్లో పిల్లి కూడా లేదు.

నేను అయిదో తరగతిలో ఉండగా అమ్మకి దగ్గు పట్టుకుంది. మొదట మిరియాల కషాయం, తర్వాత పసుపు వేసిన పాలు, తర్వాత కాంపౌండరుగారి మందు. ఒకరోజు నూతి వెనకాల అమ్మ ఒక గుడ్డ ఉతుక్కోవడం చూశాను. నీళ్ళు ఎర్రగా పారుతున్నాయి. నన్ను చూసి గబగబా చెంబుడు నీళ్ళు కుమ్మరించి, "తమలపాకు నమిలినానే" అంది. మా అమ్మ తమలపాకు నమలడం నేనెన్నడూ చూడలేదు.

శ్రీకాకుళం తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించారు. టీబీ అన్నారు. విజయనగరం అవతల ఉన్న టీబీ ఆసుపత్రిలో చేర్చారు. అమ్మ వెళ్ళిన రోజు నన్ను దగ్గరికి రానివ్వలేదు. రిక్షా ఎక్కుతూ, "జుట్టు మామ్మ సేత దువ్వించుకో, పేలు పట్టనీకు" అంది. ఒక తల్లి కూతుర్ని వదిలి వెళ్తూ చెప్పాల్సిన మాట ఇదేనా అని చాలా కోపం వచ్చింది నాకు. ఆ కోపంతోనే ఏడుపు ఆపుకున్నాను.

తర్వాత ఇల్లు ఎలా ఉందో చెప్పడం కష్టం. అన్నం వండేవాళ్ళు ఉన్నారు, జడ వేసేవాళ్ళు ఉన్నారు, కానీ పాట లేదు. వంటింట్లోకి వెళ్ళి ఇసుక గుండిగ మూత తీసి వాసన చూసేదాన్ని. రోజులు గడిచేకొద్దీ అందులో ఇసుక వాసన తప్ప ఏమీ మిగల్లేదు. స్కూల్లో ఎవరైనా "మా అమ్మ" అంటే చాలు, నేను పుస్తకంలో తల దూర్చేసేదాన్ని.

నాన్న వీలైనప్పుడల్లా శని, ఆదివారాల్లో వెళ్ళి చూసి వచ్చేవాడు. ఒకసారి వచ్చి, కాళ్ళు కడుక్కుంటూ మామ్మతో అన్నాడు.

"తిండి బొత్తిగా మానేసినాదమ్మా. ఎముకలే మిగిలినాయి. డాక్టరు గారేటన్నారో తెలుసా? ఇంజెక్షన్లు మేమిస్తాం గానీ, తిండి తినకపోతే మందు ఏం చేస్తాదీ అన్నారు. ఇలగైతే కష్టం అన్నారు."

"ఏటి తింటాదో అడగలేకపోనావా?" అంది మామ్మ.

"అడిగినాను. సాలాసేపు ఆలోచించి, నిమ్మకాయ కేకు ముక్కుంటే తింటానేమో అన్నాది. విజయనగరంలో బజారంతా తిరిగి ఏదో కేకు కొని పట్టుకెళ్ళినాను. వాసన సూసి పక్కన పెట్టీసినాది."

దొరసానమ్మ అప్పటికే వాళ్ళ దేశం వెళ్ళిపోయింది. బంగళాకి తాళం. మా ఊళ్ళో ఇంకెవరికీ ఆ వంట రాదు. నాన్న తుండుతో కాళ్ళు తుడుచుకుంటూ అలాగే అరుగు మీద కూర్చుండిపోయాడు. నేను గుమ్మం వెనక నిలబడి ఉన్నాను. "ఇలగైతే కష్టం" అన్న మాట దగ్గరే నా బుర్ర ఆగిపోయింది. అమ్మ తినకపోతే ఇక ఇంటికి రాదు. పిల్లలకి చెప్పకపోయినా ఆ మాత్రం అర్థమవుతుంది.

మామ్మ ఆయన చేతిలోంచి తుండు తీసుకుని దండెం మీద వేసింది. తర్వాత, "నాను సేస్తాను" అంది.

నాన్నకి నవ్వొచ్చింది. ఎన్నాళ్ళ తర్వాతో నవ్వాడు పాపం. "నువ్వా? అది పులుసు కాదమ్మా."

"ఆ దొరసాని కడుపులోనుంచి నేర్చుకుని పుట్టినాదేటి? ఒసే గుంటా, ఇటు రా. మీ యమ్మ ఎలగ సేసినాదో సూసినావు కదా? సెప్పు."

చూశాను. కానీ చూడ్డం వేరు, చెప్పడం వేరు. అమ్మ ఏది ఎంత వేసేదో నాకు తెలీదు. ఏ పాట ఎప్పుడు పాడేదో మాత్రం తెలుసు. మరుసటి వారం శుక్రవారం మధ్యాహ్నం, నన్ను బడి మాన్పించి, మొదలుపెట్టాం. శనివారం పొద్దున్న బండికి మామ్మ, నాన్న వెళ్ళాలని అనుకున్నారు. వారమంతా మా కోళ్ళు పెట్టిన గుడ్లన్నీ మామ్మ బియ్యం కుండలో దాచింది. ఒక్క గుడ్డు కూడా నాకు పెట్టలేదు.

అమ్మ గుడ్లని ఫోర్కుతో గిలకొట్టేది. మామ్మ మజ్జిగ కవ్వం తీసింది, ఎన్నడూ నీసు తాకనివ్వని కవ్వం. "ఎంతసేపు సిలకాలి?" అంటే, "ఈ కీర్తన అయ్యేదాకా" అని పాట చెప్పాను. మామ్మకి కీర్తనలు వచ్చు. కానీ ఆవిడ ఏ కీర్తన పాడినా ఊడుపుల్లో ఆడవాళ్ళు వంగి నాట్లు వేస్తూ పాడే పాటలాగే సాగేది. ఒక్కో మాటని మడి ఈ గట్టునుంచి ఆ గట్టుదాకా లాగేది. అమ్మ ఒక కీర్తన ముగించే టైముకి మామ్మ పల్లవిలోనే ఉండేది. "మామ్మా, బేగి పాడు" అంటే, "దేవుడి పాట బేగి పాడకూడదు" అంది. కేకు అడుగు ఎందుకు మాడిందో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

నిమ్మకాయలు పెరట్లో చెట్టువే. మేకుతో చిల్లులు పొడిచిన డబ్బా మూత మీద అమ్మ తొక్కు కోరేది. ఆ పని మామ్మ చాలా బాగా చేసింది, కొబ్బరి కోరిన చెయ్యి కదా. వంటిల్లంతా అమ్మ వాసన వచ్చింది. నాకు ఒక్కసారిగా ఏడుపొచ్చింది. మామ్మ చూసీ చూడనట్టు, "ముక్కు తుడుసుకో, పిండిలో పడతాది" అంది.

ఆ తర్వాత ఒక కాయ కోసి, సగం చెక్క పిండి, మిగతా సగం పక్కన పెట్టేసింది.

"అదేటి మామ్మా, అమ్మ సాలా కాయలు పిండుతాది" అన్నాను.

"మీ యమ్మకి దగ్గు కదే. దగ్గుకి పులుపు పడదు. నువ్వు నోరుమూసుకుని కూకో."

అని, పోపుల పెట్టె లాక్కుని, ఇంత పసుపు తీసి పిండిలో వేసేసింది. నేను కెవ్వుమన్నాను. మామ్మ అదిరిపడి, "ఏటే, తేలు కుట్టినాదేటి?" అంది.

"కేకులో పసుపు వెయ్యరు మామ్మా!"

"నిమ్మకాయ ఏసి పసుపు ఎయ్యకపోతే అదేం వంటే? పులిహోరకి ఎయ్యమా? మీ యమ్మ రొట్టి పచ్చగా ఉన్నాది కాదేటి? మరి పసుపు ఎయ్యకపోతే పచ్చరంగు ఎక్కడినుంచి వస్తాది? పసుపు దగ్గుకి మంచిది కూడాను."

ఆ పచ్చరంగు గుడ్డు సొనదని నాకూ తెలీదు. కాబట్టి ఎదురు చెప్పలేకపోయాను. ఇంకా చెప్పాలంటే, మామ్మ చెప్పిందే నిజమేమో అనుకున్నాను. అమ్మ నాకు తెలీకుండా పసుపు వేసేదేమో.

చివర వంట సోడా. అమ్మ వేళ్ళ కొసలతో చిటికెడు తీసి వేసేది. మామ్మ కూడా చిటికెడే వేసింది. వేసి, గిన్నె ముందు కూర్చుని చూసింది. దోసెల పిండి పొంగడం చూసిన మనిషి. ఇది పొంగలేదు. ఇంకొంచెం వేసింది. చూసింది. "ఇది బతికున్నాదా, సచ్చిందా?" అని ఇంకొంచెం వేసింది. పిండి నిప్పుల మధ్యకి వెళ్ళాకే పొంగుతుందని నేను చెప్పాను. చెప్పినా, నాకూ అనుమానమొచ్చి ఇంకో చిటికెడు వేయించాను.

గుండిగ మీద నిప్పులు పోసి పాటలు అందుకున్నాం. నేను అమ్మలా పాడబోతే మామ్మ లాగినంత లాగాల్సి వచ్చింది. నాన్న స్కూలునుంచి వచ్చేసరికి మేమింకా రెండో పాట మధ్యలో ఉన్నాం. మాడు వాసన ఆయనకే ముందు తగిలింది. ఉరుక్కుంటూ వచ్చి మూకుడు ఎత్తాడు.

పైన ఎండిన తాటిబెల్లం రంగు. మధ్యలో గుంట. అప్పటికీ మామ్మ ముఖంలో గర్వం తగ్గలేదు. "పైన అలగే ఉంటాది, లోపల బాగుంటాది" అని, చల్లారాక పక్కనుంచి కత్తి దింపి ఒక ముక్క కోసి పైకి తీసింది.

లోపల ఎర్రగా ఉంది.

లేత ఎరుపు కాదు. ఎర్రమట్టి నీళ్ళలో ముంచి తీసినట్టు. పచ్చదనం అన్నది ఎక్కడా లేదు.

"ఓలమ్మా!" అంది మామ్మ. "పారాణైపోనాదే!"

పెళ్ళికూతురు కాళ్ళకి పెట్టే పారాణి పసుపులో సున్నం కలిపితే వస్తుంది. పసుపు ఎర్రగా మారుతుంది. సోడా కూడా అదే పని చేస్తుందని ఆ రోజు మా వంటింట్లో ఎవరికీ తెలీదు. మామ్మ ముక్కని వెలుతురు వైపు తిప్పి తిప్పి చూసింది. నాకు మాత్రం పారాణి కనబడలేదు. నూతి వెనక పారిన నీళ్ళే కనబడ్డాయి. నాన్నకీ అదే గుర్తొచ్చి ఉంటుంది, ముఖం పాలిపోయింది.

"ఒద్దమ్మా. ఇది పట్టుకెళ్ళొద్దు" అన్నాడు నెమ్మదిగా. "దీన్ని సూస్తే మనిషి బెదిరిపోతాది."

ఎప్పుడూ ఎవరికో ఒకరికి ఏదో ఒకటి అంటించే మామ్మ, కత్తి చేత్తో పట్టుకుని అలాగే కూర్చుంది. కళ్ళనిండా నీళ్ళు. మామ్మకి కూడా కన్నీళ్ళు ఉంటాయని నాకు అప్పుడే తెలిసింది. మళ్ళీ చేద్దామంటే గుడ్లు లేవు, మైదా లేదు, పొద్దున్నే బండి.

కొంతసేపటికి లేచి, బిస్కెట్ల డబ్బా కడిగి తుడిచి, అడుగున అరిటాకు వేసి, మాడినదంతా గీకేసి కేకు అందులో పెట్టింది. "అడిగినాది, సేసినాను. తింటే తింటాది, నేదంటే పారేస్తాది. నాను మాత్రం ఉత్త సేతుల్తో ఎల్లను" అంది. అప్పుడే నేను కూడా వస్తానని పేచీ పెట్టాను. పిల్లల్ని లోపలికి రానివ్వరని నాన్న అన్నాడు. "గేటు బైట కూకుంటాది. దూరంనుంచైనా తల్లిని సూడనీ" అంది మామ్మ.

చిన్న రైలెక్కి నౌపడ వెళ్ళాం. అక్కడ పెద్ద రైలెక్కాం. డబ్బా మామ్మ ఒడిలోనే ఉంది. పొందూరులో నూలు మూటలతో ఎక్కిన ఒకావిడ, "ఏటి పిన్నీ, మంచి వాసనొస్తన్నాది?" అని అడిగింది. "నిమ్మకాయ రొట్టి. మా కోడలికి" అంది మామ్మ, మూత మీద చెయ్యి గట్టిగా పెట్టి. గరివిడి దగ్గర ఫ్యాక్టరీ పొగ కనిపించింది. నాకు మాత్రం ఒకటే భయం. అమ్మ డబ్బా మూత తియ్యగానే ఏమవుతుంది?

ఆసుపత్రి వరండాకి, చూడ్డానికి వచ్చినవాళ్ళు కూర్చునే బల్లలకి మధ్య కొంత జాగా వదిలి తాడు కట్టారు. గేటు దగ్గర నన్ను ఆపారు. ఊచల మధ్యనుంచి వరండా బాగానే కనబడుతోంది, మాటలూ వినబడుతున్నాయి. అమ్మ బయటికొచ్చింది. నేను గుర్తు పట్టలేదు. చీర గుర్తు పట్టాను. ఆ చీరలో ఇంత చిన్న మనిషి ఎవరా అని చూశాను. అమ్మ చెయ్యి ఎత్తింది. నేనూ ఎత్తాను. పరిగెత్తి వెళ్ళాలని ప్రాణం కొట్టుకులాడింది. ఊచలు పట్టుకుని అక్కడే నిలబడ్డాను.

మామ్మ డబ్బాని తాడు అవతల అరుగు మీద పెట్టి వెనక్కి జరిగింది. అమ్మ మూత తీసింది. తలొంచి చూసింది. చాలాసేపు చూసింది.

"అత్తా, ఇదేటి?"

"నిమ్మకాయ రొట్టి."

"ఎర్రగా ఉన్నాది?"

"ఉంటాది. నా సేత్తో సేస్తే అలగే ఉంటాది. నోరు మూసుకుని తిను."

అమ్మ ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకుంది. నములుతూ ఆగింది. అప్పుడు నవ్వింది. మామూలు నవ్వు కాదు. భుజాలు ఊగిపోయేటట్టు, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, స్తంభానికి ఆనుకుని నవ్వింది. "అత్తా, పసుపేసినావేటి?" అంటోంది, మళ్ళీ నవ్వుతోంది. నవ్వి నవ్వి దగ్గొచ్చింది. దగ్గి, ఆయాసపడి, కళ్ళు తుడుచుకుని, ఇంకో ముక్క తుంచుకుంది.

"బాగా నేకపోతే ఒగ్గీ" అంది మామ్మ, కొంగుతో ముఖం తుడుచుకుంటూ.

"ఒగ్గుతానేటి? నాకోసం నీ మజ్జిగ కవ్వంతోనే కదా ఆ నీసు గుడ్లు సిలికుంటావు నువ్వు" అంది అమ్మ.

మామ్మ, నాన్న అక్కడున్నంతసేపూ అమ్మ తింటూనే ఉంది. గేటు దగ్గర నేను ఆమె నోటినే చూస్తూ నిలబడ్డాను. ఒక్కో ముక్క లోపలికి వెళ్తుంటే నా కడుపు నిండినట్టయింది. తిరుగు రైల్లో మామ్మ కొంగు ముడి విప్పి, నాకోసం దాచిన చిన్న ముక్క ఇచ్చింది. నోట్లో పెట్టుకున్నాను. ఉప్పగా, చేదుగా, సబ్బు నాకినట్టుగా ఉంది. చివర్లో ఎక్కడో నిమ్మతొక్కు వాసన. ఉమ్మేద్దామనుకున్నాను. అమ్మ దీన్ని అంత తిన్నదన్న సంగతి గుర్తొచ్చి మింగేశాను. మా అమ్మ మీద నాకు అంత ప్రేమ మళ్ళీ ఎప్పుడూ రాలేదు, లేదా అప్పట్నుంచి అది తగ్గనే లేదు. ఏదో ఒకటి.

ఆ కేకు వల్లే అమ్మ బతికిందని నేను చెప్పను. బతికించింది ఇంజెక్షన్లూ, ఆ డాక్టర్లూ. కానీ ఆ రోజునుంచి ఆసుపత్రి అన్నం కూడా కొద్దికొద్దిగా తినడం మొదలుపెట్టిందని నర్సు నాన్నతో చెప్పింది. క్రిస్మస్‌కి ముందు బిస్కెట్ల డబ్బా చంకన పెట్టుకుని అమ్మ ఇంటికొచ్చింది. ఒంటికి కాస్త ఓపిక రాగానే గుండిగలో ఇసుక పోసి, పాట పాడి, కేకు చేసింది. పచ్చగా, మెత్తగా వచ్చింది. మామ్మ ఒక ముక్క చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి, "ఇదేటి, రంగే నేదు" అంది. ఇంటిల్లిపాదీ పడి పడి నవ్వాం. మామ్మ ఆ తర్వాత కేకు జోలికి పోలేదు. నేను కాలేజీలో ఉండగా ఒక ఎండాకాలం నిద్రలోనే పోయింది.

చాలా ఏళ్ళ తర్వాత, నాన్న కూడా లేని రోజుల్లో, అమ్మ విజయనగరంలో నా దగ్గరే ఉండేది. నేను కరెంటు ఓవెన్ కొన్నాను. కర్డులూ, పైలూ అన్నీ అమ్మ దగ్గర నేర్చుకున్నవే. తిని, "నాకన్నా బాగా సేస్తన్నావు" అనేది. చివరి రోజుల్లో గుండె జబ్బుతో మంచం పట్టింది. ఆయాసం, దగ్గు. మళ్ళీ తిండి మానేసింది. ఏం పెట్టినా వద్దనేది.

"ఏటి తింటావో సెప్పమ్మా" అని బతిమాలాను ఒకరోజు.

అమ్మ కళ్ళు మూసుకునే నవ్వింది. "మీ మామ్మ సేసిన ఎర్ర కేకు సెయ్యగలవేటి?"

ఎందుకు చెయ్యలేను? ఇంత వంట వచ్చినదాన్ని. పిండి కలిపాను, నిమ్మకాయలు అలవాటుగా నిండా పిండాను, పసుపు వేశాను, సోడా దండిగా వేశాను. పచ్చగా వచ్చింది. అమ్మ ముక్కని చేత్తో నొక్కి చూసి, "బాగున్నాది. కానీ ఇది అది కాదే" అంది. మర్నాడు ఇంకా ఎక్కువ పసుపు వేశాను. ఇంకా పచ్చగా వచ్చింది. సోడా పెంచాను, కేకు పొంగి గిన్నె దాటి కారింది గానీ ఎర్రబడలేదు. "రేపు మళ్ళీ చేస్తాలే" అన్నాను. "సెయ్యి. తింటాను" అంది అమ్మ. అలా కొన్ని రేపులు గడిచాయి. అమ్మ ఆ కేకు తినకుండానే వెళ్ళిపోయింది. అందరూ నిండు జీవితం అన్నారు. నాకు ఆ మాట వింటే ఒళ్ళు మండేది. ఒక్క ముక్క అడిగింది. పెట్టలేకపోయాను.

మొన్న చలికాలంలో నాకు జలుబు చేసి దగ్గు పట్టుకుంది. పక్కింటావిడ పలకరించడానికి వచ్చింది. నా ముందు నిమ్మకాయ నీళ్ళ గ్లాసు చూసి, "అదేటండీ, దగ్గుకి పులుపు పడదు కదా" అంది.

నేను గ్లాసు కింద పెట్టేశాను. ఆవిడ ఇంకా ఏదో చెబుతూనే ఉంది. నాకు వినబడలేదు. పాతపట్నం వంటింట్లో, పీట పక్కన, పిండకుండా వదిలేసిన సగం చెక్క నిమ్మకాయ కళ్ళకి కట్టింది. పులుపు. మామ్మ పులుపు వెయ్యలేదు. నేను పిండిన పులుపంతా సోడాని మింగేస్తూ వచ్చింది, అందుకే పసుపు పసుపుగానే ఉండిపోయింది. అంత దగ్గుతో ఉన్న అమ్మకోసం చేస్తూ నాకు ఆ మాటే తోచలేదు. మామ్మకి తోచింది.

పక్కింటావిడ వెళ్ళగానే లేచాను. ఓవెన్ వైపు పోలేదు. అటక మీదనుంచి అమ్మ పాత గుండిగ దించి ఇసుక పోశాను. తొక్కు కోరాను, సగం చెక్క పిండి మిగతాది పక్కన పెట్టాను. పసుపు వేసి, చిటికెడు సోడా వేసి, గిన్నె ముందు కూర్చుని, పొంగలేదని ఇంకొంచెం వేశాను. మూకుడు మీద నిప్పులు పోసి, మామ్మ లాగినట్టే లాగి పాడాను. దగ్గు అడ్డమొచ్చినా ఆపలేదు. అడుగు మాడే వాసన వచ్చాక మూకుడు ఎత్తి, చల్లారనిచ్చి, పక్కనుంచి కత్తి దింపాను.

ఎర్రగా ఉంది.

"అమ్మా, వచ్చినాదే! సూడు, ఎర్రగా వచ్చినాది!" అన్నాను. ముక్క చేతిలో పెట్టుకుని అమ్మ గది గుమ్మందాకా వెళ్ళాక గానీ, లోపల మంచం ఖాళీ అని గుర్తు రాలేదు.